చూరు కింద వరి కుచ్చు

కోతలు మొదలయ్యాయంటే గోదావరి, కృష్ణా డెల్టా పల్లెల్లో ఒకప్పుడు చూరు కింద కొత్త కుచ్చు వేలాడాల్సిందే. కొత్త పంటలోంచి మంచి కంకులు ఏరి, గుత్తిగా అల్లి, వసారా దూలానికో గుడి మండపానికో కట్టేవారు. పిచ్చుకలు వచ్చి గింజలు ఒలుచుకు తినేవి. ఇంటికి అందం, పిట్టకు తిండి. రైతుకు అయ్యే ఖర్చల్లా నాలుగు పిడికెళ్ల కంకులు, ఓ పూట ఓపిక.

ఇప్పుడు మీ వీధిలో ఎన్ని ఇళ్లకు కుచ్చు ఉందో ఓసారి లెక్కపెట్టి చూడండి.

కోత మిషను వచ్చాక కుచ్చుకు గడ్డుకాలం వచ్చింది. కూలీలు దొరకని ఈ రోజుల్లో మిషన్ని తిట్టుకుని లాభం లేదు. కాకపోతే దాని నోట్లో పడ్డ కంకి మళ్లీ కంకిగా బయటికి రాదు. గింజ ఒకవైపు, గడ్డి ఒకవైపు. అయినా మిషను తిరగలేని మూలలు, గట్టువార వరసలు ఎలాగూ కొడవలితోనే కోస్తాం కదా! కుచ్చుకు కావలసిన కంకులు ఆ మూలలోనే ఉన్నాయి.

పాత పొడుగు రకాలైతేనే కుచ్చు కుదురుతుందని కొందరంటారు. వాటి కాడ అల్లికకు బాగా లొంగేమాట నిజమే. 1982లో స్వర్ణ, 1986లో సాంబ మసూరి వచ్చాక మన చేలు పొట్టివయ్యాయి. అయితే కుచ్చుకు పైరంతా అక్కర్లేదు. పై కణుపు దగ్గర కోస్తే జానెడు కాడ, దాని మీద కంకి వస్తాయి. అది చాలు.

పూర్తిగా పండనిస్తే చెయ్యి తగిలితేనే గింజ రాలుతుంది. కంకి బంగారు రంగు తిరిగి, అడుగు గింజల్లో ఇంకా కాస్త పచ్చదనం ఉండగానే కొయ్యండి. పొద్దున్నే మంచు ఆరకముందు కోస్తే కాడ విరగదు. పోటాకును, దాని తొడుగును లాగేసి, తాలు కంకులు ఏరేయండి. అల్లిక ఊరికో తీరు. తేలికైనది చెప్పుకుందాం. పురికొసకు రెండేసి మూడేసి కంకులు చేరుస్తూ జడలా అల్లుకుపోవాలి. కాడలు పైకి, గింజలు కిందికి. ప్రతి వరస కంకులూ ముందు వరస కాడల్ని కప్పాలి. ఆడపిల్లకు జడవేసే చేతికి ఇది వేరే నేర్పక్కర్లేదు. జడ రెండు మూరలయ్యాక గుండ్రంగా చుట్టి బిగించి, పైన ఉచ్చు వేసి, రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది.

ఒక్క జాగ్రత్త. దోమకో మెడవిరుపుకో ఆలస్యంగా మందు కొట్టిన చేలోని కంకులు వద్దు. మందు కొట్టాక ఎన్నాళ్లు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది. మనం చదువుకుంటాం, పిచ్చుక చదవలేదు! వీలైతే ఆ మూల వరకు మందు కొట్టకుండా వదిలేయండి.

పిచ్చుక పాలగింజ మీద పడితే నష్టమే, కాదనం. కానీ గూట్లో పిల్లలకు అది పెట్టేది ఎక్కువగా పురుగుల్నే.

మెట్ట రైతులు మాకు వరి ఎక్కడిదనుకోనక్కర్లేదు. జొన్న, సజ్జ కంకుల్నీ గుత్తిగా కట్టుకోవచ్చు. కొర్ర కంకి వంగే తీరులో ఉన్న సొగసు వరికి కూడా లేదు.

సంక్రాంతి ముందు పట్నాల్లో ఈ కుచ్చుల్ని బజార్లో పెట్టి అమ్ముతుంటారు. చేను లేనివాళ్లు డబ్బిచ్చి కొని గుమ్మానికి కట్టుకుంటున్నారు. పంట పండించే మనమేమో ప్లాస్టిక్ తోరణం కొని తెచ్చుకుంటున్నాం. నాలుగు కుచ్చులు ఎక్కువ అల్లి అమ్ముకుంటే పండక్కి చేతిఖర్చు రావచ్చు. అయితే కొనేవాళ్లను ముందే అడిగి చూసుకోండి, దాన్ని నమ్ముకుని అప్పు చెయ్యకండి.

అసలు బెంగ అల్లే చేతుల గురించే. మీ ఊళ్లో కుచ్చు కట్టడం తెలిసిన తాతో మామ్మో ఉంటే ఈ కోతల్లోనే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. ఈ విద్య చెబితే వచ్చేది కాదు, చేతిని చూసి చెయ్యి నేర్చుకోవాల్సిందే.

కుచ్చును వాన జల్లు తగలని చోట, ఎలుకకూ పిల్లికీ అందని ఎత్తులో కట్టండి. కింద ఓ చిప్పలో నీళ్లు పెట్టండి. గింజలన్నీ అయిపోయాక పురికొస విప్పి దాచుకుని, మిగిలిన గడ్డి గేదె ముందు వేయండి.