తీగ లేని ఇంటికి ఇంటర్నెట్టు

మన దేశంలో 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టు ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. కాని ఇంట్లో టెలిఫోను తీగ ఉన్నవారికే ఆ భాగ్యం! తీగ లేని మా జనగామ ఇంటికి, 2005 ప్రాంతంలో, దాన్ని తెచ్చిపెట్టింది సెల్‌ఫోను.

తతంగం పెద్దదేమీ కాదు. ఫోనును కేబులుతో కంప్యూటరుకు తగిలించి, డ్రైవరు ఎక్కించి, మోడెముగా ఎంచుకోవాలి. సి.డి.ఎం.ఏ. ఫోనయితే #777, జి.పి.ఆర్.ఎస్. అయితే *99# డయలు చేయించాలి. తీగ మోడెముకు సెకనుకు 56 కిలోబిట్లే హద్దు, సి.డి.ఎం.ఏ.కు, కాగితం మీద, 144.

మా మేనకోడలి ఎంసెట్ ర్యాంకు అలాగే చూశాం. లేకుంటే మర్నాటి పేపరు దాకా ఇంటిల్లిపాదికీ జాగారమే!

నేడు హాట్‌స్పాట్ అని ఒక్క మీట నొక్కుతున్నాం. కేబులు పోయిందంతే, కంప్యూటరుకు దారి చూపేది నేటికీ ఆ ఫోనే.