ఆ ఊరికా... ఒక్కదానివా?

"అమ్మా, ఫుకెట్ వెళ్ళు. క్రాబీ వెళ్ళు. పోనీ బ్యాంకాక్‌లోనే ఉండు. ఆ ఊరు మాత్రం వద్దు" అన్నాడు మా అబ్బాయి. సింగపూర్‌లో వాడి దగ్గర మూడు వారాలుండి, తిరిగొచ్చేటప్పుడు దారిలో మూడు రాత్రులు పట్టాయాలో ఆగుతానన్నాను. అదీ ఒక్కదాన్నీ! వాడికి నోట మాట రాలేదు. కోడలైతే నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వాడి తప్పేం లేదు. మనవైపు ఆ ఊరి పేరు ఎలా పలుకుతారో మీకు తెలియనిదా! ఎవరైనా "బ్యాంకాక్ వెళ్ళొచ్చాను" అంటే చాలు, "పట్టాయా కూడానా?" అని కన్నుగీటుతారు. పెళ్ళి విడిదిలో పేకాట దగ్గర్నుంచి సినిమాల దాకా అదో నవ్వులాట. అలాంటి ఊళ్ళో అరవై మూడేళ్ళ రిటైర్డు టీచరమ్మకి ఏం పని?

పనుంది. పదహారేళ్ళుగా వాయిదా పడిన పని.

2009లో మావారు ఆ ఊరు వెళ్ళారు. నరసరావుపేటలో మాకు ఎరువుల కొట్టుండేది. ఏడాదిలో ఇన్ని బస్తాలు అమ్మితే కంపెనీవాళ్ళే డీలర్లను విమానం ఎక్కించి తిప్పుకొస్తారు. ఎరువులు, విత్తనాలు, సిమెంటు, రంగులు... ఈ వ్యాపారాలున్న ఇళ్ళ ఆడవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. టికెట్టు డీలరుకే. ఇంటావిడకి లేదు. నలభైమంది మగవాళ్ళు, ఐదు రోజులు. తిరిగొచ్చాక "ఎలా ఉంది?" అనడిగితే "ఏముంది, సముద్రం. మన సూర్యలంకలో లేదూ!" అన్నారు. నాకో ఆకుపచ్చ బామ్ సీసా, పిల్లాడికో టీషర్టు తెచ్చారు.

వారం తర్వాత పెట్టె దులుపుతుంటే లోపలి అరలోంచి ఒక ఫోటో జారిపడింది. మధ్యలో మావారు. ఇన్‌షర్టు, జేబులో పెన్ను, బిగుసుకుపోయిన మొహం. చెరోపక్కా ఒక్కో ఆడమనిషి. నెత్తిన ఈకల కిరీటాలు. తళుకులే తప్ప ఒంటిమీద పెద్దగా బట్టల్లేవు. వెనకాల తెల్లటి స్తంభాలతో ఏదో పెద్ద బంగళా. "అది షో అయిపోయాక బయట..." అని ఆయనేదో చెప్పబోయారు. "నాకేం చెప్పొద్దు" అన్నాను. నాలుగు నెలలు కంచం పెట్టి అవతలికి వెళ్ళిపోవడమే తప్ప మాటల్లేవు. తర్వాత మాటలు కలిశాయి. కలవక ఎక్కడికి పోతాయి? ఆ మాట మాత్రం మళ్ళీ ఆయనెత్తలేదు, నేనూ అడగలేదు. 2021 మే నెలలో, కరోనా రెండో విడతలో ఆయన పోయారు.

ఆ ఫోటో నా హ్యాండుబ్యాగులో పెట్టుకునే బయల్దేరాను. ఈ రోజుల్లో ఫోన్లో వెతికితే ఆ బంగళా ఏమిటో తెలిసిపోదా అంటారేమో. వెతకలేదు. ఏం కనిపిస్తుందోనని భయం.

సువర్ణభూమిలో దిగి...

బ్యాంకాక్ విమానాశ్రయం పేరు సువర్ణభూమి. రాయడం మనలాగే రాస్తారుగానీ పలకడం "సువన్నఫూమ్". మనవాళ్ళకి 2023 నవంబరు నుంచి వీసా అక్కర్లేకుండా చేశారు కాబట్టి నేను వెళ్ళిన 2025 జనవరిలో ఆ బాధ లేదు. కింది అంతస్తులో పట్టాయా బస్సు కౌంటరుంది. నూట నలభై చిల్లర బాట్లు, రెండు గంటల ప్రయాణం. అప్పుడు బాట్‌కి దాదాపు రెండున్నర రూపాయలు. టాక్సీకైతే దానికి పదింతలు. బస్సులో సగంమంది ఆడవాళ్ళే, అందులో ఒంటరిగా వచ్చినవాళ్ళు నలుగురైదుగురు. ఎవరూ నావంక వింతగా చూడలేదు.

ఊళ్ళో తిరగడానికి ముదురు నీలం రంగు జీపుల్లాంటివుంటాయి. "సాంగ్‌థియో" అంటారు, అంటే రెండు వరసలని అర్థం. వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, మన పాత ట్రక్కర్లలాగే. చెయ్యెత్తి ఎక్కడం, దిగాలంటే పైకప్పుకున్న మీట నొక్కడం, దిగి డ్రైవరు చేతిలో చిల్లర పెట్టడం. "ఎంత?" అని ముందే అడిగితే మాత్రం మొత్తం బండి మాట్లాడుకుంటున్నారనుకుని వందలు చెబుతాడు. బీచిరోడ్డు మీద దక్షిణానికి, సెకండ్ రోడ్డు మీద ఉత్తరానికి... గానుగెద్దులా రోజంతా అదే చుట్టు. ఒక్క పూటలో నేర్చేసుకున్నాను.

మొదటి రాత్రే బండిలో మన భాష వినపడింది. నా ఎదురుగా ఐదుగురు, ముప్ఫై నలభై మధ్య వాళ్ళు. నేను పంజాబీ డ్రెస్సులో, నెత్తిన టోపీతో ఉన్నాను. ఏ ఉత్తరాది మనిషిననుకున్నారో, నోటికి అడ్డూ అదుపూ లేదు. ఏ వీధి, ఎంత రేటు, ఎవడు నిన్న ఎంత పోగొట్టుకున్నాడు! నా స్టాపొచ్చింది. మీట నొక్కి లేచి, "కాళ్ళు కాస్త తీయండి నాయనా, దిగాలి" అన్నాను. ఆ ఐదు మొహాలూ ఫోటో తీసి ఉండాల్సింది!

దిగానేగానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఐదుగురి మధ్యలో ఆరోవాడిగా మావారు కూర్చున్నట్టే అనిపించింది.

తెల్లారేసరికి వేరే ఊరు

నిద్ర పట్టక ఆరింటికే బీచికి వెళ్ళాను. జనవరిలో అక్కడ వాన లేదు, ఉక్క లేదు, చల్లటి గాలి. ఊరి పేరు కూడా గాలి పేరేనట. వానాకాలం మొదట్లో నైరుతి నుంచి వీచే గాలిని "ఫత్తయా" అంటారు.

రాత్రంతా వెలిగి ఆరిన వీధిలో కాషాయం కట్టుకున్న బౌద్ధ భిక్షువులు చెప్పుల్లేకుండా భిక్షకొస్తున్నారు. బార్లలో పని ముగించుకొచ్చిన అమ్మాయిలు ఇద్దరు, మొహాన రంగు ఇంకా చెరగలేదు, ఎత్తు మడమల చెప్పులు విప్పి పక్కన పెట్టి మోకాళ్ళమీద కూర్చుని అన్నం పొట్లాలు వేశారు. భిక్షువు ఏదో చదువుతుంటే తల వంచుకున్నారు. ఎంతసేపని! రెండు నిమిషాలు. నేను మాత్రం చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

1950ల చివరిదాకా ఇది జాలరిపల్లె. అమెరికా సైనికులు సెలవులకి రావడంతో మారడం మొదలైంది. దగ్గర్లోనే ఉతపావ్ వైమానిక స్థావరం. వియత్నాం యుద్ధం నడుస్తుండగా, 1967లో రెండు ప్రభుత్వాలూ సైనికుల విశ్రాంతి కోసం ఒప్పందమే చేసుకున్నాయి. యుద్ధం అయిపోయింది, సైనికులు వెళ్ళిపోయారు. హోటళ్ళు, బార్లు మిగిలాయి. వాటిని నింపడానికి మనలాంటి దేశాల నుంచి విమానాలొస్తున్నాయి. వ్యభిచారం అక్కడ 1996 చట్టం ప్రకారం నేరమే. చట్టం దారి చట్టానిది, వీధి దారి వీధిది.

దక్షిణాన జోమ్‌తియన్ బీచిలో చెట్లకింద చాపలేసుకుని మాలిషు చేసే ఆడవాళ్ళుంటారు. కాళ్ళు లాగుతుంటే ఒకామె దగ్గర కూర్చున్నాను. నలభై దాటి ఉంటాయి. "ఖోన్ దియావ్?" అంది. ఫోన్లో తర్జుమా చేసి చూపించింది: ఒక్కదానివేనా? మా ఊళ్ళో ఆ ప్రశ్న అడిగితే వెనక ఇంకో పది ప్రశ్నలుంటాయి. ఈమె గొంతులో ఒక్కటీ లేదు. "నేనూ ఖోన్ దియావ్" అని తన గుండెమీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

ఆమెది బురీరమ్. ఈశాన్ అంటారు ఆ ప్రాంతాన్ని. అవును, మన ఈశాన్యమే. వాన మీద ఆధారపడిన వరి తప్ప వేరే ఆదరువు లేని పల్లెలు. పట్టాయాలో మసాజులు చేసేవాళ్ళు, గదులు ఊడ్చేవాళ్ళు, బార్లలో కూర్చునేవాళ్ళు, ఎక్కువమంది అక్కడివాళ్ళేనంది. మొగుడు వదిలేశాడు. కూతురు అమ్మమ్మ దగ్గర చదువుకుంటోంది. ఏప్రిల్‌లో సోంగ్‌క్రాన్ పండక్కి ఇంటికెళ్తుంది. నెలనెలా డబ్బు పంపుతుంది. అమ్మకి పంపేదాన్ని "బున్ ఖున్" అంటారట. పుణ్యం, గుణం, రెండూ మన మాటలే. కన్నవాళ్ళ రుణం అని చెప్పుకోవచ్చు. కొడుకైతే కొన్నాళ్ళు సన్యాసం తీసుకుని తీర్చేస్తాడు. కూతురు మాత్రం పోషించి తీర్చాలి. వాళ్ళవైపు అల్లుడే అత్తారింటికొస్తాడు, ఇల్లు చివరి కూతురిది. పెళ్ళికి డబ్బిచ్చేది కూడా మగపెళ్ళివారే. వినడానికి మనకి ఎంత బాగుంటుంది! ఇల్లు చేతికొచ్చింది, దాంతోపాటు బరువూ వచ్చింది.

మా తోటికోడలిది రాజంపేట. ఆ చుట్టుపక్కల కువైట్‌లో ఇళ్ళపనికి వెళ్ళిన తల్లులు, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు ఎంతమందో. ఆ తల్లుల గురించి కూడా వెనకాల నాలుగు మాటలు అనుకోకుండా ఉండరు మనవాళ్ళు. నేనూ అన్నాను, అప్పుడెప్పుడో.

మధ్యాహ్నం ఆమే పక్క బండి నుంచి సోమ్‌తమ్ తెప్పించింది. పచ్చి బొప్పాయి తురుము, పచ్చిమిరప, వెల్లుల్లి, నిమ్మరసం, తాటిబెల్లం, వేరుశనగలు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచుతారు. ఆ చప్పుడు వింటేనే మన రోటిపచ్చడి గుర్తొచ్చి నోరూరింది. అందులో చేపల పులుసు నీళ్ళు పోస్తారు, వద్దనుకుంటే "మై సై నామ్ ప్లా" అనాలి. శాకాహారులు పసుపుపచ్చ జెండా మీద ఎర్రటి అక్షరం ఉన్న "జే" హోటళ్ళు వెతుక్కోవాలి. అక్కడ వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు.

తింటూ తింటూ, ఎందుకనిపించిందో, బ్యాగులోంచి ఫోటో తీసి ఆమెకిచ్చాను. ఒక్క క్షణం చూసి ఫక్కున నవ్వింది. "టిఫనీ!" అంది. ఈకల కిరీటాలవాళ్ళని వేలితో తట్టి, "కథోయ్, కథోయ్" అంది. తెల్ల స్తంభాలని చూపించి, ఏ బండెక్కాలో, ఎక్కడ దిగాలో చెప్పింది.

తెల్ల స్తంభాలు

టిఫనీ షో 1974లో మొదలైందట. మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్ళుగా బతికేవాళ్ళే అందులో ఆడి పాడేది. వాళ్ళనే అక్కడ కథోయ్ అంటారు. రెండో రోజు సాయంత్రం టికెట్టు కొనుక్కుని వెళ్ళాను. అసభ్యం ఏముంటుందోనని బిగబట్టుకుని కూర్చున్నానుగానీ, హాలునిండా సంసారాలే. చైనావాళ్ళు, కొరియావాళ్ళు, మన గుజరాతీలు పిల్లాపాపలతో. రాజుల కొలువులు, విసనకర్రల నాట్యాలు, మధ్యలో ఓ హిందీ పాట. మా స్కూలు వార్షికోత్సవానికి ఆ తెరల్లో ఒక్కటున్నా ఎంత బాగుండేదో అనుకున్నాను.

ఆట అయిపోయాక అందరూ బయటికొచ్చారు. ఆ నటులు కూడా అదే వేషాలతో వచ్చి ముంగిట్లో వరసగా నిలబడ్డారు. తెల్ల స్తంభాల ముందు! జనం పక్కన నిలబడి ఫోటో దిగుతున్నారు, చేతిలో వంద బాట్లు పెడుతున్నారు. చక్రాల కుర్చీలో ఉన్న గుజరాతీ బామ్మగారిని మనవలు ఇద్దరు ఈకలవాళ్ళ మధ్య నిలిపి ఫోటో తీశారు. ఆవిడ పకపకా నవ్వుతోంది.

"అది షో అయిపోయాక బయట..." ఆయన అక్కడిదాకా చెప్పారు. మిగిలింది ఇంత. ఒక్క నిమిషం పట్టేది వినడానికి.

కాళ్ళు వణికి మెట్టుమీద కూర్చున్నాను. ఆకుపచ్చ ఈకలామె ఒకతె చూసి, వంగి మంచినీళ్ళు కావాలా అని సైగ చేసింది. కథోయ్‌లని అక్కడ దుకాణాల్లో, బ్యాంకుల్లో, హోటళ్ళలో ఉద్యోగాల్లో చూశాను. అలాగని వాళ్ళకి కష్టాల్లేవని కాదు. ఏ లింగంవారైనా పెళ్ళి చేసుకోవచ్చన్న చట్టం నేను వెళ్ళిన ఆ జనవరిలోనే అమల్లోకి వచ్చింది. గుర్తింపు కార్డులో మాత్రం పుట్టినప్పటి "శ్రీ" మారదు. నేను లేచి, వాళ్ళిద్దరి మధ్యా నిలబడి ఫోటో తీయించుకున్నాను. ఇద్దరికీ చెరో వంద. ఇప్పుడు చూసుకుంటే నా మొహం కూడా ఆయన మొహంలాగే బిగుసుకుపోయి ఉంది.

ఒక్కటి చెప్పాలి. ఆ ఫోటో సంగతి తేలింది, అంతే. మిగతా నాలుగు రాత్రులు ఆ నలభైమంది ఎక్కడెక్కడ తిరిగారో నాకు తెలియదు. మర్నాడు రాత్రి వాకింగ్ స్ట్రీట్ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచాను. ఎర్ర దీపాలు, గుండెలదిరే పాటలు, తలుపుల ముందు ఎత్తు బల్లల మీద నంబరు బిళ్ళలతో అమ్మాయిలు. అందులో ఎవరు ఏ తల్లికి డబ్బు పంపుతున్నారో! మగవాళ్ళని పిలిచే కుర్రాళ్ళు నన్ను చూసి తప్పుకుని దారిచ్చారు. అరవై దాటిన ఆడదాన్ని ఆ వీధిలో ఎవరూ పట్టించుకోరు. ఆయన కూడా ఇక్కడ నడిచే ఉంటారు. తలుపు లోపలికి వెళ్ళారా? అడిగి ఉంటే నిజం చెప్పేవారేమో. ఇక అది నాతోనే ఉంటుంది.

చివరిరోజు పొద్దున సంతలో ఎవరో "మేడమ్!" అని పిలిచారు. మొన్నటి బండి ఐదుగురిలో ఒకడు. సత్తెనపల్లి దగ్గరట. తల దించుకునే "మా ఆవిడకి ఏం తీసుకెళ్ళమంటారు?" అనడిగాడు. ఆ చేతిలో అప్పటికే ఆకుపచ్చ బామ్ సీసా ఉంది. "అది వద్దు" అన్నాను, కాస్త గట్టిగానే. ఏం తీసుకోవాలో నాకూ తోచలేదు. చివరికి "ఈసారి ఆవిణ్ణే తీసుకురా" అన్నాను. "ఆవిడ రాదండీ" అన్నాడు. "అడిగావా?" అంటే మాట్లాడలేదు.

నరసరావుపేట వచ్చాక వీడియోకాల్‌లో కోడలికి రెండు ఫోటోలూ చూపించాను. "అత్తయ్యా! మామయ్యగారు, మీరు... వీళ్ళెవరు?" అంది. మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. పొయ్యిమీద కూర మాడుతున్నా కట్టేసి వచ్చి మరీ వింది. అంతా అయ్యాక, "అత్తయ్యా, బస్సు ఏ అంతస్తులో అన్నారు?" అని అడిగింది.