నాయనమ్మ పెళ్లి ఏ పుస్తకంలో ఉంది?

మాచర్ల చుట్టుపక్కల పల్లెల్లో నాయనమ్మ పెళ్లెప్పుడైందని అడిగితే సంవత్సరం చెప్పరు. ‘సాగర్ డ్యాం కట్టేటప్పుడు’ అంటారు. వెతకడానికి అది చాలు. డ్యాంకు శంకుస్థాపన 1955 డిసెంబర్ 10న, కాలువలకు నీళ్లొదిలింది 1967 ఆగస్టులో. తిరగేయాల్సింది ఆ పన్నెండేళ్ల పుస్తకాలే.

ఏ పుస్తకాలు? భూమి ఉన్నవాళ్ల పేర్లు అడంగల్లో, దస్తావేజుల్లో పడ్డాయి. దళితవాడలో పెళ్లి పెద్దమనుషుల ముందు జరిగింది, మాట మీదే నిలిచింది. 1955 హిందూ వివాహ చట్టం రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేయలేదు. మన రాష్ట్రంలో అందుకు 2002 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ఈలోపు వాడ పెళ్లిళ్లను రాసిపెట్టింది చర్చి. అమెరికన్ లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాల చేరాడు. తర్వాత నరసరావుపేట, వినుకొండ వైపు బాప్టిస్టులు వచ్చారు. లూథరన్లలో మాలలు, బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ కాబట్టి, ముందు మీ ఇంటివాళ్లు ఏ మిషనో తేల్చుకోండి. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చేసినవాళ్లు రిజిస్టరు రాయాలి, నకళ్లు ప్రభుత్వానికి పంపాలి. రుసుము కడితే రిజిస్టరు చూడనివ్వాలని, నకలు ఇవ్వాలని 79వ సెక్షన్ చెబుతోంది. ఆ మాట మర్యాదగా గుర్తుచేయడంలో తప్పులేదు. ప్రభుత్వ కాగితాల్లో వెతికేటప్పుడు జిల్లా పేరు చూసుకోండి: పల్నాడు 1904 దాకా కృష్ణా జిల్లాలో, ఆ తర్వాత 2022 దాకా గుంటూరు జిల్లాలో ఉంది.

చాలా ఇళ్లలో ఈ కాగితం ఊసెత్తరు. కారణం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. దాని మూడో పేరా క్రైస్తవం తీసుకున్న దళితుల్ని ఎస్సీ జాబితా బయట నిలబెట్టింది. ఇక్కడ వాళ్లకు మిగిలింది బీసీ-సి. నాయనమ్మ ఆనవాలు చూపే కాగితమే మనవడి కుల ధ్రువీకరణకు అడ్డు తగులుతుందన్న భయం ఉత్తది కాదు. అయితే తాత మతం మారితే మనవడి దారి మూసుకుపోయినట్టేం కాదు. 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు, తాత నాడే క్రైస్తవులైన కుటుంబం నుంచి హిందూమతంలోకి తిరిగొచ్చిన వ్యక్తికి ఎస్సీ హోదాను ఒప్పుకుంది. పాత కులం, తిరిగి రావడం, కులస్తుల అంగీకారం రుజువు కావాలంది. ఇంట్లో ఎవరి సర్టిఫికెట్‌పైనైనా విచారణ నడుస్తుంటే మాత్రం ముందు వకీలును అడగండి.

రిజిస్టరులో ఇంట్లో పిలిచే పేరు కనబడకపోవచ్చు. బాప్తిస్మం పేరుతో చూడండి. వధువు తండ్రి పేరు, ఇంటిపేరు రాయడానికి అందులో ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు దొరికేది అక్కడే.