హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంది, నెట్ రాదేం?

“ఫోన్‌లో యూట్యూబ్ బాగానే ఆడుతోంది అక్కా, లాప్‌టాప్‌కి ఇస్తే మాత్రం నెట్ రావట్లేదు.” ఒడిశాలోని జయపురంలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్న నాకు ఈ మాట వినపడని వారం ఉండదు. డిగ్రీ అడ్మిషన్లు, స్కాలర్‌షిప్పులు, రేషన్ కార్డుల ఈ-కేవైసీ, ఏ పనైనా ఇప్పుడు నెట్‌లోనే. 2024 సెప్టెంబరులో మహిళలకు డబ్బిచ్చే సుభద్ర పథకం మొదలైనప్పుడు ఆడవాళ్లు తెల్లారకుండానే వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. వానాకాలం గాలికి కరెంటు పోయిందా, దాంతోపాటు బ్రాడ్‌బ్యాండూ పోతుంది. ఇక ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. ఆఖరి తేదీ నాడు అది మొరాయించిందంటే ఒక పిల్ల సీటు పోతుంది, ఒక తల్లికి రావాల్సిన డబ్బు ఆగిపోతుంది. అందుకే దీన్ని చిన్న చికాకుగా నేను చూడలేను.

మా కొరాపుట్, రాయగడ జిల్లాల్లో సిగ్నల్ కోసం పడే పాట్లు మైదానంలో ఉండేవాళ్లకి ఊహకందవు. కరోనా కాలంలో బళ్లు మూసి ఆన్‌లైన్ పాఠాలు పెట్టినప్పుడు పిల్లలు ఫోన్లు పట్టుకుని కొండలెక్కారు. 2021 ఆగస్టులో రాయగడ జిల్లా పద్మపూర్ బ్లాకులో ఒక పిల్లవాడు అలా సిగ్నల్ కోసం కొండెక్కి, పడి చనిపోయాడు. ఆ వార్త చదివినప్పటినుంచి ‘నెట్ రావట్లేదు’ అని ఎవరొచ్చినా నేను విసుక్కోలేదు. ఆ ఏడాది నవంబరులోనే ఒడిశా, ఆంధ్రతో కలిపి ఐదు రాష్ట్రాల్లోని వెనకబడిన జిల్లాల్లో టవర్ లేని 7,287 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 2025 సెప్టెంబరు 27న మన ఒడిశాలోనే, ఝార్సుగుడలో, బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని ప్రధాని ప్రారంభించారు. టవర్లు పెరుగుతున్నాయి. అయినా టవర్ వచ్చిన ఊళ్లో కూడా ఇంట్లో ఒక్క ఫోన్‌కే డేటా ఉంటే, లాప్‌టాప్‌కో పక్క ఫోన్‌కో ఇవ్వాల్సింది హాట్‌స్పాట్ ద్వారానే.

హాట్‌స్పాట్ పెట్టగానే మీ ఫోన్ రెండు ఉద్యోగాలు చేస్తుంది. ఒక చేత్తో టవర్ నుంచి నెట్ అందుకుంటుంది, రెండో చేత్తో చిన్న వైఫై పుట్టించి లాప్‌టాప్‌కి అందిస్తుంది. సిమ్ కంపెనీ లెక్కలో ఉన్నది మీ ఫోన్ ఒక్కటే. లాప్‌టాప్ అడిగినవన్నీ ఫోన్ తన పేరు మీదే తెప్పించి, ఎవరివి వాళ్లకు పంచుతుంది. ఇంటి పెద్ద పేరున వచ్చిన ఉత్తరాలను ఇంట్లో వాళ్లకు పంచినట్టన్నమాట. కాబట్టి పని తెగేది మూడు చోట్ల: టవర్‌కీ ఫోన్‌కీ మధ్య, ఫోన్ లోపల, ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య. ఎక్కడ తెగిందో తెలుసుకోకుండా సెట్టింగులన్నీ కెలికితే బాగున్నది కూడా పాడవుతుంది.

అందుకే నా దగ్గరికి ఫోన్ రాగానే ముందు దాని వైఫై కట్టేస్తాను. చాలామంది ఫోన్లో ఆడే యూట్యూబ్ ఇంటి వైఫై మీదో, పక్క కొట్టు వైఫై మీదో ఆడుతుంటుంది. సిమ్ డేటా ఎప్పుడో అయిపోయి ఉంటుంది, లేదా మొబైల్ డేటా మీటే ఆఫ్‌లో ఉంటుంది. వైఫై ఆపి, ఫోన్‌లో ఇంతకుముందెప్పుడూ తెరవని ఒక సైటు తెరవాలి. తెరిచిన సైటే మళ్లీ తెరిస్తే ఫోన్ దాచుకున్న పాత పేజీ చూపించి మోసం చేస్తుంది. కొత్త సైటు రాలేదంటే గొడవ టవర్ దగ్గరో, రీఛార్జ్ దగ్గరో ఉందన్నమాట. వచ్చిందంటే ఇంకో ఫోన్ తెచ్చి అదే హాట్‌స్పాట్‌కి తగిలిస్తాను. దానికి నెట్ వస్తే లాప్‌టాప్‌ది తప్పు, దానికీ రాకపోతే హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌ది. ఈ రెండు పరీక్షలకీ పట్టేది కొద్ది నిమిషాలే, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

లాప్‌టాప్ మీద వైఫై గీతలు నిండుగా కనపడితే నెట్ నిండుగా ఉందని చాలామంది నమ్ముతారు. ఆ గీతలు చెప్పేది మీ ఫోన్ ఎంత దగ్గరలో ఉందన్న సంగతే. ఫోన్‌కి టవర్ అందుతోందో లేదో వాటికి తెలీదు. బైపరిగుడ, కుంద్ర వైపు లోపలి ఊళ్లలో మేడమీద కిటికీలో మాత్రమే సిగ్నల్ దొరికే ఇళ్లున్నాయి. అలాంటి చోట ఫోన్ ఆ కిటికీలోనే ఉండాలి, మనిషి కింద లాప్‌టాప్ దగ్గర కూర్చోవాలి. ఫోన్ చేతికి దగ్గరగా ఉండాలని కిందికి తెచ్చుకుంటే వైఫై గీతలు పెరుగుతాయి, నెట్ పోతుంది. ఓటీపీ వచ్చేది మేడమీది ఫోన్‌కే కాబట్టి పైన ఒక మనిషిని నిలబెట్టుకోండి, లేకపోతే పరుగెత్తి వచ్చేలోపు ఓటీపీ గడువు తీరిపోతుంది.

రోజువారీ డేటా సంగతి కూడా చూడాలి. రోజుకి ఒకటిన్నర జీబీ ప్లాన్‌లో ఆ రోజు డేటా అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు, చాలా ప్లాన్లలో 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ వేగంలో ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి. లాప్‌టాప్‌లో ప్రభుత్వ సైటు మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. పైగా విండోస్ లాప్‌టాప్‌కి మీ ఫోన్ కూడా మామూలు వైఫైలాగే కనపడుతుంది కాబట్టి, వెనకాల అప్‌డేట్లు దించుకుంటూ ఆ ఒకటిన్నర జీబీనీ తినేస్తుంది. వైఫై ప్రాపర్టీస్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేస్తే ఆ ఆకలి చాలావరకు తగ్గుతుంది.

ఇక మా సరిహద్దు ప్రాంతానికే ప్రత్యేకమైన తంటా ఒకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం సంస్థానం మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. రాష్ట్రం మారినా మా తెలుగువాళ్ల బంధుత్వాలు సాలూరు, విజయనగరం, పార్వతీపురాల్లోనే ఉన్నాయి. ఫోన్‌లో రెండు సిమ్‌లుంటే ఒకటి ఇక్కడిది, ఒకటి అక్కడిది. టెలికాం లెక్కలో ఒడిశా ఒక సర్కిల్, ఆంధ్ర-తెలంగాణ కలిపి ఇంకో సర్కిల్. కంపెనీ ఒకటే అయినా ఆంధ్ర సిమ్ జయపురంలో రోమింగ్‌లో ఉన్నట్టు. కొన్ని ఫోన్లు ‘డేటా రోమింగ్’ ఆన్ చేస్తే గాని ఆ సిమ్‌కి నెట్ ఇవ్వవు. విదేశం వెళ్లినప్పుడు బిల్లు వాచిపోతుందని ఎవరో చెప్పిన భయంతో మనవాళ్లు దాన్ని ఆపేసి ఉంచుతారు. దేశం లోపల ఇప్పటి మామూలు ప్యాకుల్లో రోమింగ్ డేటాకి వేరే ఛార్జీ పడదు, ధైర్యంగా ఆన్ చేసుకోవచ్చు.

మొన్న విజయనగరం నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దాయన ఫోన్ తెచ్చారు. “ఏటమ్మా ఇది, సాలూరు దాకా పని చేసింది, సరిహద్దులో సుంకి దాటాక మనవడికి నెట్ ఇవ్వట్లేదు” అన్నారు. ఫోన్‌లో నెట్ వస్తోంది, రోమింగ్ ఆన్‌లోనే ఉంది, హాట్‌స్పాట్‌కి తగిలిన వాళ్లకి మాత్రం రావట్లేదు. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ‘యాక్సెస్ పాయింట్ నేమ్స్’ (ఏపీఎన్) తెరిచాను. అక్కడ ‘ఏపీఎన్ ప్రోటోకాల్’ అని ఒక గడి, ‘ఏపీఎన్ రోమింగ్ ప్రోటోకాల్’ అని ఇంకో గడి ఉంటాయి. మొదటిదాంట్లో ఐపీవీ4, ఐపీవీ6 రెండూ ఉన్నాయి, రెండోదాంట్లో ఐపీవీ6 ఒక్కటే ఉంది. ఇంటర్నెట్ చిరునామాల్లో పాత పద్ధతి ఐపీవీ4, కొత్తది ఐపీవీ6. ఫోన్ కొత్త పద్ధతితో నెగ్గుకొస్తుంది గాని, పాత చిరునామా అడిగే లాప్‌టాప్‌కి దారి దొరకకపోవచ్చు. రెండో గడిలోనూ ఐపీవీ4/ఐపీవీ6 పెట్టి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తీశాను. మనవడి లాప్‌టాప్ పలికింది. ఆయన నా చేతిలో ఫోన్ తీసుకుని ఆ గడి పేరు చీటీ మీద రాసుకున్నారు. ఆ ముందుచూపు నాకు చాలా నచ్చింది.

అదే పేజీలో ‘ఏపీఎన్ టైప్’ అనే గడి కూడా చూడాలి. అందులో డిఫాల్ట్ అని మాత్రమే ఉంటే కొన్ని ఫోన్లు నెట్ పంచవు. దాని పక్కన కామా పెట్టి డి, యు, ఎన్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు చిన్నబడిలో చేర్చాలి. ఏపీఎన్ పేరే తప్పయితే, జియోకి జియోనెట్, బీఎస్‌ఎన్‌ఎల్‌కి బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్ అని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఉండాలి. అన్నీ గందరగోళమైతే మూలన మూడు చుక్కలు నొక్కి ‘రీసెట్ టు డిఫాల్ట్’ ఇవ్వండి. రెండు సిమ్‌ల ఫోన్‌లో ఇంకో చిక్కుంది: ఒక సిమ్‌లో ఫోన్ మాట్లాడుతుంటే రెండో సిమ్ డేటా ఆగిపోవచ్చు. దరఖాస్తు నింపుతుండగా కాల్ వస్తే ఎత్తకండి.

డేటా సేవర్ ఆన్‌లో ఉంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు హాట్‌స్పాట్ మీటనే ముట్టుకోనివ్వవు. వీపీఎన్ యాప్ ఉంటే దాన్ని ఆపి చూడాలి. ప్రకటనలు రాకుండా ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ పెట్టుకున్నవాళ్లు దాన్ని ఆటోమేటిక్‌కి మార్చి చూడాలి.

లాప్‌టాప్ పక్క తప్పుల్లో నాకు మరీ మరీ ఎదురయ్యేది గడియారం. బొరిగుమ్మ నుంచి ఒక అమ్మాయి పాత లాప్‌టాప్ తెచ్చింది. హాట్‌స్పాట్ తగులుతుంది, కనెక్టెడ్ అంటుంది, ఏ సైటు తెరిచినా ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటుంది. స్క్రీన్ మూలన తేదీ చూస్తే ఎన్నో ఏళ్ల వెనకటి జనవరి 1. లోపలి చిన్న బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి, ఆపిన ప్రతిసారీ తేదీ వెనక్కిపోతోంది. సైట్లు చూపించే భద్రతా పత్రాలకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. లాప్‌టాప్ తేదీ ఆ గడువుకి ముందుంటే అది ఏ సైటునీ నమ్మదు. తేదీ సరిచేయగానే అన్నీ తెరుచుకున్నాయి. ఆ బిళ్ల ధర ఒక ప్లేటు టిఫిన్ అంత, అది మార్చుకోమని చెప్పి పంపాను.

హాట్‌స్పాట్ పేరే లాప్‌టాప్‌లో కనపడకపోతే అది చాలాసార్లు బ్యాండ్ గొడవ. కొత్త ఫోన్లు 5 గిగాహెర్ట్జ్‌లో వైఫై ఇస్తాయి, పాత లాప్‌టాప్‌లకి 2.4 ఒక్కటే తెలుసు. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో 2.4కి మార్చండి, ఐఫోన్‌లో అయితే ‘మాక్సిమైజ్ కంపాటిబిలిటీ’ నొక్కండి. 2.4 గోడలు దాటి కాస్త ఎక్కువ దూరం కూడా వెళ్తుంది, మేడమీద ఫోన్ పెట్టేవాళ్లకి అదే మేలు. పేరు కనపడి, తగిలి, ఐపీ చిరునామా 169.254తో మొదలవుతుంటే ఫోన్ ఆ లాప్‌టాప్‌కి చిరునామా ఇవ్వలేదని అర్థం. లాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్క్‌ని ‘ఫర్గెట్’ చేసి, హాట్‌స్పాట్ ఆపి మళ్లీ పెట్టి తగిలించండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే పాత ఆఫీసు ప్రాక్సీ, చేత్తో వేసిన ఐపీ అందులోనే మిగిలి ఉన్నాయేమో చూడాలి.

వైఫైతో ఎంతకీ కుదరకపోతే ఛార్జింగ్ వైరు తీసి ఫోన్‌ని లాప్‌టాప్‌కి గుచ్చి ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. నన్నడిగితే ఆఖరి తేదీ నాడు ముందు చేయాల్సింది ఇదే. వైఫై మాటే ఉండదు, ఫోన్ బ్యాటరీ కూడా అంతగా దిగదు. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక వైర్లుంటాయి, అవి దీనికి పనికిరావు.

ఒక్క విషయంలో మాత్రం నాకు నిజంగా కోపమొస్తుంది. హాట్‌స్పాట్ రావట్లేదని తీసుకెళ్తే కొన్ని రిపేరు కొట్లవాళ్లు అడక్కుండా ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తారు. ఫొటోలు, నంబర్లు అన్నీ పోతాయి. చనిపోయిన తండ్రి గొంతు రికార్డింగ్ అలా పోగొట్టుకుని నా ఎదుట ఏడ్చిన మనిషిని చూశాను. హాట్‌స్పాట్ కోసం ఎవరైనా ఆ మాటెత్తితే ఫోన్ వెనక్కి తీసేసుకోండి. మీరే చేసుకోగలిగేది ‘నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్’. దాంతో దాచుకున్న వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు పోతాయి గాని ఫొటోలు పోవు.

ఫోన్‌లోనే నెట్ లేని ఊళ్లో ఈ చిట్కాలేవీ పనిచేయవు, అక్కడ కావాల్సింది టవరే. అందుకోసం పంచాయతీలో అర్జీ పెట్టండి, కంపెనీకి ఫిర్యాదు చేసి ఆ నంబరు దాచుకోండి. సిగ్నల్ బాగా అందే ఇళ్లవాళ్లకి నా మనవి ఒకటే: దరఖాస్తుల రోజుల్లో పక్కింటి పిల్లలకి హాట్‌స్పాట్ ఇవ్వండి. పని అయ్యాక పాస్‌వర్డ్ మార్చుకోండి. ఒక దరఖాస్తుకి పట్టే డేటా మామూలుగా ఒక సినిమా పాట వీడియోకి పట్టేదానికన్నా తక్కువే.