దమ్ములో దిగబడిన ట్రాక్టరుకు చేతి వించి

దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడితే చాలామంది వెనుక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి, ముందు గేరులో ఒక్కసారిగా క్లచ్చి వదులుతారు. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. చక్రం తిరిగే దారి లేనప్పుడు ఇంజను బలమంతా ట్రాక్టరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. బండి వెనక్కి తిరగబడటానికి రెండు సెకన్లయినా పట్టదు. డ్రైవరు దూకే వ్యవధి ఉండదు.

ఇంజనుతో పని లేకుండా బయటికి లాగేది చేతి వించి. పిడిని ముందుకూ వెనక్కూ ఆడిస్తుంటే లోపలి రెండు జతల దవడలు ఒకదాని తర్వాత ఒకటి ఇనుప తాడును పట్టి లాగుతాయి. తాడు వెనక్కి జారదు.

కొండదారుల జీపులకు బంపరు చాటున కనిపించకుండా బ్యాటరీ వించి బిగిస్తారు. అది మనకు పెద్దగా అక్కరకు రాదు. బరువు మీద వందల ఆంపియర్ల కరెంటు గుంజుతుంది. పైగా ముందుకే లాగుతుంది. దిగబడిన బండిని వచ్చిన దారినే వెనక్కి తీయాలి, గట్టి నేల ఉండేది అటే కదా.

35 హార్స్‌పవర్ ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులు. బురద పట్టు దానికి అదనం. అందుకని ముందు నీరు తీసేసి, టైర్ల వెనుక పారతో వాలుగా గాడి తవ్వాలి. ఈ పని చేస్తే సగం బరువు తగ్గినట్లే. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు వదలాలి. సీటు మీద ఎవరూ ఉండరాదు. కొక్కెం డ్రాబారుకే తగిలించాలి, టాప్‌లింకుకు వద్దు.

1.6 టన్నుల వించి చాలకపోతే ట్రాక్టరు దగ్గర కప్పీ తగిలించి, తాడును దాని గుండా తిప్పి కొసను మళ్లీ చెట్టుకే కట్టాలి. లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. అయితే ఆ బలమంతా చెట్టు మీదే పడుతుంది. కాబట్టి లావాటి చెట్టు చూసి, మొదట్లో గోనె చుట్టి కట్టాలి. కరెంటు స్తంభానికీ, బోరు కేసింగుకూ ఎంతమాత్రం కట్టకూడదు. చెట్టు లేకపోతే మెరక నేలలో మూడడుగుల లోతున, లాగే దిక్కుకు అడ్డంగా గట్టి దుంగ పాతి, తాడు బయటికి రావడానికి వాలుగా సన్న గాడి తీయాలి.

తాడు బిగిసేటప్పుడు మధ్యలో తడి గోనెసంచి వేయండి. తెగితే విసురు తగ్గుతుంది. పిడి ఆడించే మనిషి తప్ప తక్కిన వాళ్లు తాడు పొడవంత దూరాన ఉండాలి. పోగులు తెగిన తాడు వాడవద్దు. కొస మడిచి వేసే క్లాంపులు మూడుకు తగ్గకూడదు. యూ-బోల్టు వంపు పొట్టి కొస మీదకు రావాలి.

పిడిలో చిన్న పిన్ను ఉంటుంది. బరువు మించితే అది తెగుతుంది. తెగిందని మేకు దూర్చి లాగే వాళ్లున్నారు. అప్పుడు తెగేది తాడే. కంపెనీ పిన్నులు నాలుగు దగ్గర ఉంచుకుని, తెగినప్పుడల్లా ముందు గాడి ఇంకొంచెం తవ్వి చూడండి.