మీ యజమాని గోడకు ఈ కాగితం ఉందా?

పెన్షన్ కోసం, బస్ పాస్ కోసం దాచుకున్న యూడీఐడీ కార్డు ఉద్యోగంలోనూ పనికొస్తుంది. మెట్లు ఎక్కలేకనో, బాత్రూంకి వెళ్లే వీలు లేకనో ఎవరికీ చెప్పకుండా పని మానేయకండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద ప్రైవేటు సంస్థ కూడా 'సమాన అవకాశాల విధానం' రాసుకుని, వెబ్‌సైట్‌లో గానీ అందరికీ కనబడే చోట గానీ పెట్టాలి. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. 20 మంది లోపు పనిచేసే చోట, మీరు పని చేసుకోవడానికి ఏ సౌకర్యాలు ఇస్తారో అందులో రాస్తే చాలు. 20 మంది, ఆపైన ఉంటే మీకు తగిన పోస్టులు, శిక్షణ, ప్రత్యేక సెలవు, పరికరాలు కూడా రాయాలి. లైజన్ ఆఫీసర్‌ను పెట్టాలి. "మాది చిన్న సంస్థండీ, మాకు వర్తించదు" అంటే ఒప్పుకోకండి.

4 శాతం రిజర్వేషన్ మాత్రం ప్రభుత్వ కొలువులకే. ప్రైవేటు సంస్థపై ఫిర్యాదులో దాన్ని కలిపితే మీ అసలు సమస్య పక్కకు పోతుంది.

ముందు విధానం కాపీ ఇవ్వమని రాసి అడగండి. మీకేం కావాలో అందులోనే చెప్పండి: కింది అంతస్తులో సీటు, ర్యాంపు, ఏదైనా. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. స్పందన లేకపోతే కమిషనర్‌కు పంపండి. చట్టాన్ని మీరితే మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ మీరితే 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా. ఆ డబ్బు మీకు రాదు, సీటు మారొచ్చు.