సిపాయి పోయాక ఇంటికి మిగిలేది: ఫ్యామిలీ పెన్షన్ గురించి కొంత వివరంగా

సామర్లకోట స్టేషన్‌కి కాస్త దూరంలో ఉన్న పేటలో ఒక మామ్మ మా చేతిలో ప్లాస్టిక్ కవరొకటి పెట్టింది. అందులో చెమ్మకి అంచులు నల్లబడ్డ డిశ్చార్జ్ పుస్తకం, భర్త యూనిఫాంలో ఉన్న ఫోటో, బ్యాంకు పాస్‌బుక్, మరణ ధృవపత్రం, ఆధార్ జిరాక్సులు ఉన్నాయి. ఆయన హవల్దారుగా రిటైరయ్యాడు. ఆయన పోయిన నెల నుంచి పెన్షన్ ఆగిపోయింది. ఏడాది దాటినా ఆమె ఖాతాలో రూపాయి పడలేదు. డిశ్చార్జ్ పుస్తకంలో భార్య పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉండటమే కారణం. "నేనే ఆయన పెళ్ళాన్నని పేటంతా తెలుసు బాబూ, ఆ కాగితానికి మాత్రం తెలీదంట" అంది మామ్మ.

ఆ కాగితాలు పట్టుకుని తిరుగుతూ మేము నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాం. దళిత పేటల్లో పనిచేసే మిత్రులకీ, చదువుకుంటున్న పిల్లలకీ ఇది తెలిసి ఉంటే ఇలాంటి కవర్లు చాలావరకు ముందే సర్దుకుంటాయి.

మొదట డబ్బు లెక్క చూద్దాం. మాజీ సైనికుడు మామూలుగా జబ్బుతోనో వయసుతోనో చనిపోతే భార్యకి వచ్చేది సాధారణ కుటుంబ పెన్షన్. ఆయన చివరి జీతంలో (మూల వేతనం, మిలిటరీ సర్వీస్ పే వగైరా కలిపి) 30 శాతం. 2016 జనవరి నుంచి ఇది నెలకి 9,000 రూపాయలకి తగ్గకూడదు, కరువు భత్యం దానిమీద అదనం. చివరి జీతం 40,000 అనుకుంటే ఆయన పెన్షన్ 20,000, ఆయన తర్వాత ఆమెకి 12,000. అయితే ఆయన రిటైరయ్యాక 67 ఏళ్ళు నిండకముందే పోతే, ఏడేళ్ళపాటో లేదా ఆయనకి 67 నిండాల్సిన తేదీ దాకానో, ఏది ముందయితే అంతవరకు 50 శాతం లెక్కన ఇవ్వాలి. జవాన్లు నలభై ఏళ్ళ లోపే ఇంటికొచ్చేస్తారు కాబట్టి ఈ నిబంధన చాలా కుటుంబాలకి వర్తిస్తుంది. ఏడేళ్ళయ్యాక పెన్షన్ ఒక్కసారిగా తగ్గితే బ్యాంకు వాళ్ళు తినేశారని కంగారు పడుతుంటారు. అది తినేయడం కాదు, పెంచిన రేటు గడువు అయిపోవడం.

సర్వీసులో ఉండగా పోతే ఈ 50 శాతం పదేళ్ళు వస్తుంది. దీనికి పూర్వం ఏడేళ్ళ సర్వీసు ఉండాలన్న షరతు ఉండేది, 2019 అక్టోబరు నుంచి తీసేశారు. మరణానికి సైనిక సేవే కారణమని తేలితే 60 శాతంతో ప్రత్యేక కుటుంబ పెన్షన్, యుద్ధంలోనో శత్రువుతో పోరులోనో ప్రాణం పోతే చివరి జీతం మొత్తంగా ఉదార కుటుంబ పెన్షన్. ఏ మరణాన్ని ఏ గడిలో రాశారన్నదాని మీద ఒక ఇంటి బతుకు రెట్టింపో సగమో అవుతుంది. అందుకే మొదటి ఉత్తరంలో ఏం రాశారో జాగ్రత్తగా చదవాలి.

ఇంకో అపోహ ఉంది. రిటైరైనప్పుడు ఆయన పెన్షన్‌లో కొంత భాగం అమ్ముకుని, అంటే కమ్యూట్ చేసి, ఒకేసారి డబ్బు తీసుకుని ఇల్లు కట్టి ఉంటాడు. ఆ కోత భార్య పెన్షన్‌లోంచి పోదు, లెక్క చివరి జీతం మీదే. ఎనభై ఏళ్ళు దాటిన మామ్మలకి మరో 20 శాతం కలుస్తుంది, 85కి 30, 90కి 40, 95కి 50, వందేళ్ళకి నూరు శాతం. వయసుకి ఋజువు లేక చాలామంది దీన్ని అడగరు. సమాన ర్యాంకుకి సమాన పెన్షన్ సవరణ కూడా భార్యలకి వర్తిస్తుంది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఆ బకాయిల విషయంలో కుటుంబ పెన్షన్‌దారులకి ఏప్రిల్ 30 లోగా ఒకే విడతలో ఇమ్మని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ నెల పాస్‌బుక్ పేజీ తీసి చూసుకోండి.

ఇదంతా దయ కాదు. 1964కి ముందు రిటైరైన ఉద్యోగుల భార్యలకి ఈ పథకమే వర్తించేది కాదు. పూనమ్మాళ్ అనే వితంతువు పేరుతో నడిచిన కేసులో 1985లో సుప్రీంకోర్టు ఆ గీత చెరిపేసి, కుటుంబ పెన్షన్ ప్రభుత్వం ఇష్టమైతే ఇచ్చే ముష్టి కాదని తేల్చింది. రిటైరయ్యాక పెళ్ళి చేసుకుంటే ఆ భార్యకి హక్కు లేదన్న నిబంధనని 1989లో భగవంతి కేసులో కొట్టేసింది. అదీ ఒక సిపాయి భార్య వేసిందే.

సామర్లకోటకి సిపాయిలు కొత్త కాదు. కంపెనీ రోజుల్లో ఇక్కడ కంటోన్మెంట్ ఉండేది. 1758 డిసెంబరులో ఫ్రెంచి, ఇంగ్లీషు సేనలు తలపడ్డ చందుర్తి ఇక్కడికి దగ్గరే. మద్రాసు సైన్యంలో మాలలు, మాదిగలు, పరయ్యలు పనిచేశారు. ఆ తర్వాత కొన్ని కులాలే వీరజాతులన్న సిద్ధాంతం పట్టుకుని తెల్ల అధికారులు అంటరానివాళ్ళకి, దక్షిణాది వాళ్ళకి తలుపులు మూశారు. మహర్ల భర్తీ కూడా 1890ల్లోనే ఆగింది. మాజీ సిపాయి గోపాల్ బాబా వలంగ్‌కర్ దాని మీద 1894లో అర్జీ రాశాడు. అంబేద్కర్ తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు. మహర్ రెజిమెంట్ మళ్ళీ ఏర్పడింది 1941లో. దొర చేతిమీదుగా కాకుండా నెలనెలా వచ్చే జీతం విలువ ఆ తరానికి బాగా తెలుసు. ఊడ్పులకీ కోతలకీ పోయే మన ఆడవాళ్ళకి ఈ కుటుంబ పెన్షన్ కూడా అలాంటిదే. రైతు దగ్గర చెయ్యి చాచకుండా వచ్చే డబ్బు.

ఇక పేరు సంగతి. కెనడియన్ బాప్టిస్టులు 1882లో సామర్లకోటలో సెమినరీ పెట్టారు. అప్పటినుంచీ ఈ చుట్టుపక్కల పేటల్లో చర్చి ఉంది, చర్చితోపాటు రెండో పేరు ఉంది. బాప్తిస్మంలో ఒకటి, బడిలో, రేషన్ కార్డులో మరొకటి. సరదాకి పెట్టుకున్న పేర్లు కావివి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాలకి, మాదిగకి షెడ్యూల్డు కులం హోదా లేదు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. మన రాష్ట్రంలో వాళ్ళని బీసీ-సీలో పెట్టారు. కాబట్టి భర్త సైన్యంలో చేరినప్పుడు క్లర్కుకి ఏదో ఒక పేరు చెబుతాడు, తెలుగు రాని క్లర్కు తన చెవికి తోచినట్టు రాస్తాడు. నలభై ఏళ్ళ తర్వాత పెళ్ళికి ఋజువు ఏదంటే ఇంట్లో ఉన్నది చర్చి సర్టిఫికెట్ ఒక్కటే. అది పెడితే మనవడి కుల ధృవపత్రానికి ఎసరు వస్తుందేమోనన్న భయంతో మామ్మ దాన్ని పెట్టె అడుగున దాచేసింది. రాజ్యం ఒక చేత్తో పేరు మార్చుకోమని నెట్టి, ఇంకో చేత్తో పేరు ఎందుకు మారిందని అడుగుతోంది.

చట్టం మాట సూటిగా చెప్పుకుందాం. కుటుంబ పెన్షన్‌కి కులంతో, మతంతో పనిలేదు. ఆమె ఆయన భార్య అన్నదే తేలాలి. చర్చి కాగితం ఒక ఋజువు మాత్రమే, పిల్లల బడి రికార్డులు, ఓటరు కార్డు, జాయింటు బ్యాంకు ఖాతా, రెండు పేర్లూ ఒకరివేనన్న ప్రమాణపత్రం, తహసీల్దారు ధృవీకరణ కూడా పనికొస్తాయి. ఏ కాగితం ఎక్కడ పెడుతున్నామో ముందుగా న్యాయవాదిని అడగడం మంచిది, అబద్ధం మాత్రం ఎక్కడా రాయకూడదు.

కాగితమే లేని కాపురాల మాటేమిటి? 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు శిరమాబాయి అనే సుబేదారు భార్య కేసు తేల్చింది. ఆయన మొదటి పెళ్ళి రద్దయింది 1990లో, ఈమెతో పెళ్ళి అంతకు ముందే జరిగిందన్నారు. ఆ కారణంతోనే పెన్షన్ ఇవ్వలేదు. 1990 నుంచి ఆయన చనిపోయిన 2001 దాకా భార్యాభర్తలుగా కలిసి బతికారు, పిల్లలున్నారు, కనుక పెళ్ళయినట్టే భావించాలని కోర్టు అంది. ఆ తీర్పు కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి.

భార్య లేకపోతే ఇరవై అయిదేళ్ళ లోపు పిల్లలకి, వైకల్యం ఉన్న బిడ్డకి జీవితాంతం, ఆ తర్వాత పెళ్ళికాని, వితంతువైన, విడాకులు పొందిన కూతుళ్ళకి, చివర ఆధారపడ్డ తల్లిదండ్రులకి. కూతుళ్ళ విషయంలో ఆదాయ పరిమితి ఉంది, విధవరాలు కావడమో విడాకుల కేసు వేయడమో తల్లిదండ్రులు బతికుండగా జరిగి ఉండాలి. భర్త వదిలేసిన కూతురు మన పేటల్లో పుట్టింట్లోనే ఉంటుంది కానీ కోర్టు మెట్లెక్కదు. తల్లి ఉండగానే ఎక్కించాలి.

దరఖాస్తు ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ కార్యాలయానికి వెళ్తుంది. భార్య పేరు పెన్షన్ ఉత్తర్వులో ఉంటే మరణ ధృవపత్రం, ఆధార్, పాన్, బ్యాంకు వివరాలతో పని అయిపోతుంది. లేకపోతే అది ఆయన పనిచేసిన విభాగపు రికార్డుల కార్యాలయానికి పోవాలి. ఇంజినీర్లయితే బెంగళూరు, ఆర్టిలరీ అయితే నాసిక్, ఈఎంఈ అయితే మన సికిందరాబాదే. మనకి దగ్గరి గుమ్మం కాకినాడలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. ఈ పేరు ఎక్కించే పని భర్త బతికుండగా ఇద్దరి ఫోటోతో అయితే కాగితాలతో అయిపోతుంది. ఆయన పోయాక ఏళ్ళు పడుతుంది. పేటలో రిటైరైన మిలిటరీ వాళ్ళు ఎవరున్నారో చూసి ఈ ఒక్క ప్రశ్న అడగండి: పెన్షన్ ఉత్తర్వులో మీ ఆవిడ పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా?

ఆయన పోయిన సంగతి వెంటనే తెలియజేయాలి. మరణం తర్వాత ఖాతాలో పడిన పెన్షన్ వాడుకుంటే అది తర్వాత పట్టుకుంటారు. ఏటా జీవన ప్రమాణం ఇవ్వకపోయినా ఆగిపోతుంది. నాట్లు వేసి వేసి అరిగిన వేళ్ళకి యంత్రం గుర్తు పట్టదు. ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి ఉంది, పేటలోని డిగ్రీ పిల్లలు దీన్ని నేర్చుకుంటే చాలు.

నిరాకరిస్తే సైనిక దళాల ట్రిబ్యునల్ ఉంది, మనకి చెన్నై ధర్మాసనం. ఆలస్యమైపోయిందని వదులుకోవద్దు. తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం పెన్షన్ ఆగడం నెలనెలా కొనసాగే తప్పు, ఎప్పుడైనా అడగొచ్చు. బకాయి మాత్రం మామూలుగా దావాకి ముందు మూడేళ్ళదే వస్తుంది. అంటే ఆలస్యం చేసే ప్రతి నెలా వెనక ఒక నెల పోతుంటుంది. పెన్షన్ అర్హత లేకుండా బయటికొచ్చిన మాజీ సైనికుల వితంతువులకి 65 ఏళ్ళు దాటితే రక్షణ మంత్రి నిధి నుంచి ఇచ్చే సాయం 4,000 నుంచి 8,000కి పెరిగింది, 2025 నవంబరు నుంచి పెట్టుకున్న దరఖాస్తులకి. అదీ జిల్లా సైనిక కార్యాలయం ద్వారానే. రాష్ట్రం ఇచ్చే 4,000 వితంతు పింఛను తీసుకుంటూ, తనకి అంతకి రెండింతలకి పైగా కుటుంబ పెన్షన్ రావాలని తెలియని వాళ్ళూ ఉంటారు.

కొత్త తరానికి ఈ లెక్కే లేదు. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ళ కొలువు, తర్వాత పెన్షన్ లేదు. 2025 మేలో సరిహద్దులో చనిపోయిన మురళీ నాయక్ శ్రీసత్యసాయి జిల్లా కల్లి తండా కుర్రాడు, అగ్నివీరుడు. బీమా, పరిహారం ఉన్నాయి, రాష్ట్ర ప్రభుత్వమూ సాయం ప్రకటించింది. కానీ పక్కనే నిలబడి చనిపోయిన మామూలు జవాను ఇంటికి వచ్చే జీవితాంత పెన్షన్ ఆ ఇంటికి లేదు. ఆయన తల్లి సమాన ప్రయోజనాల కోసం బొంబాయి హైకోర్టుకి వెళ్ళారు. సైన్యంలోకి వెళ్ళాలని గ్రౌండులో పరిగెత్తే మన తండా పిల్లలు, పేట పిల్లలు ముందు ఈ తేడా తెలుసుకోవాలి.

మామ్మ కాగితాలకి తహసీల్దారు ధృవీకరణ దొరికింది. రికార్డుల కార్యాలయం ఇద్దరూ కలిసున్న ఫోటో అడిగింది. ఆమె దగ్గర ఆయనొక్కడి ఫోటోయే ఉంది. పెద్దకూతురి పెళ్ళిలో తీసిన ఒకటి పెద్దాపురంలో వియ్యపురాలి ఇంట్లో ఉందట. దానికోసం ఆదివారం వెళ్తున్నాం.